రాతతో బతికేవాళ్ళకి లిబ్రేఆఫీస్ రైటర్ పనికొస్తుందా? వాడి చెప్తున్నా

రాసేవాళ్ళ కోసమే తయారుచేశాం అని చెప్పుకునే సాఫ్ట్‌వేర్ల రివ్యూలు చదివినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం, ఈ రివ్యూలు రాసినవాళ్ళకి ఎడిటర్ దగ్గర్నుంచి ఎప్పుడైనా ఫైల్ తిరిగొచ్చిందా అని. అన్నిట్లోనూ తెల్లటి ఖాళీ స్క్రీన్ ఎంత ప్రశాంతంగా ఉందో, టైప్‌రైటర్ చప్పుడు ఎంత బాగుందో, రాత్రిపూట నల్ల బ్యాక్‌గ్రౌండ్ కళ్ళకి ఎంత హాయిగా ఉందో, ఇదే గోల. అదంతా మొదటి డ్రాఫ్ట్ సంగతి. డబ్బుల కోసం రాసేవాళ్ళకి మొదటి డ్రాఫ్ట్ అనేది పనిలో చిన్న ముక్క, అసలు తంతు ఆ తర్వాతే మొదలవుతుంది, 1200 పదాలు అడిగినవాళ్ళే అన్నీ రాశాక 800కి కుదించమంటారు, ముగ్గురు మనుషులు మూడు రంగుల్లో కామెంట్లు పెడతారు, అందులో ఇద్దరివి ఒకదానికొకటి పొసగవు, ఏ ఫైల్ లేటెస్టో ఎవరికీ తెలీదు, అన్నీ తేలాక బిల్లు పంపితే దానికి మాత్రం రిప్లై రాదు.

నేను వెబ్‌సైట్లకి రాస్తా, కంపెనీల న్యూస్‌లెటర్లకి రాస్తా, వీడియో స్క్రిప్టులు రాస్తా, వేరేవాళ్ళ పేరుతో వచ్చే పుస్తకాలు కూడా రాస్తా, టైమ్ దొరికితే నా సొంత కథలు. ఈ పనంతా చాలాకాలంగా లిబ్రేఆఫీస్ రైటర్‌లోనే నడుస్తోంది. కాబట్టి నేను చెప్పేది స్క్రీన్ ఎంత అందంగా ఉందని కాదు (లేదు, అది కిందకొచ్చాక చెప్తా), రాసినదాన్ని మార్చి, కోసి, లెక్కపెట్టి, ఒప్పించి, డబ్బులు చేసుకునేదాకా ఇది మనకి ఎంతవరకు తోడొస్తుంది అన్నది.

తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో. ఇది మైక్రోసాఫ్ట్ వర్డ్ లాంటి రాత సాఫ్ట్‌వేర్, ఫ్రీ, డౌన్‌లోడ్ చేసుకుని ఎన్నాళ్ళైనా వాడుకోవచ్చు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. దీని వంశం పెద్దదే, 1985లో జర్మనీలో స్టార్‌రైటర్ అని మొదలైంది, 1999లో ఆ కంపెనీని సన్ మైక్రోసిస్టమ్స్ కొనేసింది, 2000లో కోడ్ బయటపెట్టి ఓపెన్‌ఆఫీస్ అన్నారు, 2010లో సన్‌ని ఒరాకిల్ కొన్నాక అదే ఏడాది సెప్టెంబర్‌లో పనిచేసేవాళ్ళలో చాలామంది విడిగా వచ్చేసి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని లిబ్రేఆఫీస్ అనే పేరుతో కొనసాగించారు. ఇప్పుడు ఏడాదికి రెండు పెద్ద వర్షన్లు వస్తాయి, 2024 నుంచి వర్షన్ నంబర్లు కూడా సంవత్సరం, నెల బట్టే పెడుతున్నారు, 24.2 అంటే 2024 ఫిబ్రవరిది అని.

ఈ చరిత్రంతా మనకెందుకంటారా, ఎందుకంటే మన ఆదాయం చెప్పి రాదు. ఒక నెల మూడు చెక్కులు ఒకేసారి పడతాయి, తర్వాత రెండు నెలలు ఫోన్ కూడా మోగదు, కానీ సబ్‌స్క్రిప్షన్ మాత్రం తేదీ తప్పకుండా కట్ అవుతుంది. డబ్బుల్లేని నెలలో నా సొంత ఫైళ్ళు ఎడిట్ చేసుకోడానికి నేను ఎవరికో కట్టాలి అంటే అది నాకు నచ్చని సంగతి. రైటర్ సేవ్ చేసే ఓడీటీ ఫార్మాట్ 2006 నుంచి ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం, అంటే అది ఒక్క కంపెనీ చేతిలో ఉన్న తాళం కాదు, రేపు ఈ సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఇంకోటి ఏదో తెరుస్తుంది. పాతికేళ్ళ తర్వాత నా పాత కథ నేనే చదువుకోలేని పరిస్థితి రాకూడదు కదా.

సరే అసలు పనిలోకి వస్తా. ముందు పదాల లెక్క, ఎందుకంటే చాలామందికి రేటు పదానికి ఇంత అనే కుదురుతుంది. కింద స్టేటస్ బార్‌లో మొత్తం పదాలు, అక్షరాలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి, కొంత భాగం సెలెక్ట్ చేస్తే దాని లెక్క విడిగా చూపిస్తుంది, దాని మీద నొక్కితే స్పేస్‌లతో కలిపి ఎన్ని అక్షరాలు, స్పేస్‌లు లేకుండా ఎన్ని అన్నది కూడా వస్తుంది. చిన్న విషయమే కానీ, ఉపోద్ఘాతం 100 పదాలు దాటకూడదు అని ఒకరు, టైటిల్ 60 అక్షరాల లోపుండాలి అని ఇంకొకరు అన్నప్పుడు దీంతోనే పని. తెలుగులో ఈ లెక్కకి ఒక తమాషా ఉంది, సాఫ్ట్‌వేర్‌కి స్పేస్ వస్తేనే కొత్త పదం. 'చేయాల్సివచ్చింది' అని కలిపి రాస్తే ఒకటి, 'చేయాల్సి వచ్చింది' అని విడదీస్తే రెండు. అంటే ఒకే వ్యాసాన్ని ఇద్దరు టైప్ చేస్తే ఇద్దరికీ వేర్వేరు ఫీజులు రావచ్చు! నేనైతే తెలుగు పనికి పదాల లెక్క ఒప్పుకోను, మొత్తం పీస్‌కి ఇంత అని మాట్లాడుకుంటా, తప్పనిసరైతే స్పేస్‌లతో కలిపి అక్షరాల లెక్క అడుగుతా. అక్షరాల లెక్కలో కూడా గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కలోకొస్తాయి కాబట్టి మనం కళ్ళతో చూసే అక్షరాల కంటే ఎక్కువే చూపిస్తుంది, కానీ కనీసం ఎవరు ఎక్కడ స్పేస్ కొట్టారన్న దాని మీద అంతగా ఆధారపడదు.

ఇప్పుడు మార్పులు. దీని గురించి ఎంత రాసినా తక్కువే. 'చిన్న చిన్న మార్పులే అండీ' అనే మాట విన్నాక ఎవరైనా సరే ముందు ట్రాక్ ఛేంజెస్ ఆన్ చేసుకోవాలి. ఎడిట్ మెనూలో ఉంటుంది, లేదా కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కండి. అక్కడ్నుంచి ఎవరు ఏం తీసేశారో, ఏం చేర్చారో మనిషికో రంగులో కనిపిస్తుంది, ఒక్కొక్కటీ ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చవచ్చు. ఇది వర్డ్‌లోనూ ఉంది, కొత్తేం కాదు, వర్డ్ నుంచి వచ్చిన మార్పులు ఇక్కడ, ఇక్కడివి అక్కడ బాగానే కనిపిస్తాయి.

నాకు దీనికంటే విలువైంది పక్కనే ఉన్న కంపేర్ డాక్యుమెంట్. ఎందుకో చెప్తా. కొంతమంది ట్రాకింగ్ ఆపేసి, ఫైల్ అంతా కెలికి, శుభ్రంగా సేవ్ చేసి, 'పెద్దగా ఏం మార్చలేదు, కొంచెం టచ్ చేశా' అని పంపిస్తారు. ఆ కొంచెం ఎక్కడుందో వెతకాలంటే పది పేజీలు పక్కపక్కన పెట్టుకుని వరసపెట్టి చదవాలి, అది జీతం లేని పని. దానికి బదులు వాళ్ళు పంపిన కొత్త ఫైల్ తెరిచి, కంపేర్ డాక్యుమెంట్ నొక్కి, మన పాత ఫైల్ చూపిస్తే తేడాలన్నీ ట్రాక్ చేసిన మార్పుల్లాగా పేర్చి పెడుతుంది. వరస మాత్రం గుర్తుంచుకోండి, కొత్తది తెరిచి పాతదానితో పోల్చాలి. రెండు ఫైళ్ళలో ఫార్మాటింగ్ మరీ వేరుగా ఉంటే, పేరాలు అటూ ఇటూ జరిగిపోయి ఉంటే ఫలితం కాస్త గజిబిజిగా వస్తుంది, మొత్తం పేరా తీసేసి మొత్తం పేరా చేర్చినట్టు చూపిస్తుంది, అయినా ఎక్కడ చూడాలో మాత్రం తెలిసిపోతుంది.

దీనికీ డబ్బుకీ సంబంధం ఉంది. సవరణ వేరు, కొత్తగా రాయడం వేరు. రెండు రౌండ్ల సవరణలు ఫీజులో కలిసి ఉంటాయి, మూడో రౌండ్ నుంచి విడిగా ఛార్జ్ అవుతుంది అని పని మొదట్లోనే మెయిల్‌లో రాసి పెట్టుకోవాలి, ఇది ఏ రచయితైనా చెప్తారు. కానీ ఆ మెయిల్ ఉన్నా కూడా గొడవ ఎక్కడొస్తుందంటే, వాళ్ళు అడిగింది సవరణా లేక కొత్త వ్యాసమా అన్న దగ్గర. వాళ్ళ బ్రీఫ్, అంటే ఏం రాయాలో చెప్పిన సూచనలు, మారిపోయి ఉంటుంది, మధ్యలో వాళ్ళ మేనేజర్ మారి ఉంటారు, మనకేమో 'టోన్ కొంచెం అడ్జస్ట్ చేయండి' అని చెప్తారు. అప్పుడు పోలిక ఫైల్ పీడీఎఫ్ చేసి పంపితే మాటలతో పని లేకుండా సగానికి సగం పేజీ రంగులో కనిపిస్తుంది. వాదించక్కర్లేదు, ఫైల్ అటాచ్ చేసి 'ఇది కొత్త డ్రాఫ్ట్ కిందకి వస్తుంది, దీనికి ఇంత అవుతుంది' అని ఒక్క లైన్ చాలు. ప్రతిసారీ డబ్బులొస్తాయని చెప్పను, కానీ నాలుగో రౌండ్ మాత్రం తగ్గుతుంది.

ముగ్గురు ముగ్గురూ విడివిడిగా మార్పులు చేసి మూడు ఫైళ్ళు పంపితే మెర్జ్ డాక్యుమెంట్ అని ఇంకోటి ఉంది, అన్నిటి మార్పులూ ఒకే ఫైల్‌లోకి తెస్తుంది, ముగ్గురూ మన అసలు ఫైల్ మీదే ట్రాకింగ్ ఆన్ పెట్టి పనిచేసి ఉంటేనే సుమా. వాళ్ళలో ఎవరి మాట ఆఖరిది అన్నది మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తేల్చదు, అది మొదటి రోజే అడగాలి.

ఫైనల్, ఫైనల్2, ఫైనల్ ఇదే, ఫైనల్ ఇదే కొత్తది, ఈ ఫైల్ పేర్ల బాధ అందరికీ తెలిసిందే. రైటర్‌లో ఫైల్ మెనూలో వర్షన్స్ అని ఉంటుంది, ఒకే ఫైల్ లోపల ఎప్పటికప్పుడు ఒక మెట్టు సేవ్ చేసుకుని 'ఎడిటర్‌కి పంపింది', 'ఇంట్రో మార్చాక' అని చిన్న నోట్ రాసుకోవచ్చు, తర్వాత ఏ మెట్టునైనా తెరిచి చూసుకోవచ్చు, ఇప్పటిదానితో పోల్చుకోవచ్చు. చాలా బాగుంటుంది, ఒక్క తిరకాసు ఏంటంటే ఇది ఓడీటీలోనే పనిచేస్తుంది, అదే ఫైల్‌ని డాక్‌ఎక్స్‌గా, అంటే వర్డ్ ఫార్మాట్‌లో, సేవ్ చేసి పాతది తీసేస్తే ఆ మెట్లన్నీ పోతాయి. అందుకే మన దగ్గర అసలు ఫైల్ ఎప్పుడూ ఓడీటీ, బయటికి పంపేది దాని కాపీ. అలాగే ఆ ఓడీటీని ఎవరికీ పంపొద్దు, లోపల మన పాత డ్రాఫ్టులన్నీ వాళ్ళు కూడా చూడొచ్చు కదా!

పుస్తకాల పనికి వస్తే నావిగేటర్ దీని ప్రాణం. ఎఫ్5 నొక్కితే పక్కన హెడింగులన్నీ చెట్టులాగా వస్తాయి. వేరేవాళ్ళ జీవిత కథ రాసేటప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది, మొత్తం అయ్యాక వాళ్ళకి అయిదో అధ్యాయం మొదట్లో ఉంటే బాగుండు అనిపిస్తుంది, చిన్నతనం గురించి మధ్యలో చెప్దాం అంటారు, ఇంట్లోవాళ్ళు చదివి ఒక అధ్యాయం తీసేయమంటారు, రెండు వారాలయ్యాక మళ్ళీ పెట్టమంటారు. నావిగేటర్‌లో ఆ హెడింగ్‌ని పట్టుకుని పైకి లాగితే దాని కింద ఉన్న మ్యాటరంతా దాంతోపాటు వెళ్ళిపోతుంది, కట్ పేస్ట్ చేసి ఎక్కడో రెండు పేరాలు వదిలేసే ప్రమాదం లేదు. కాకపోతే హెడింగులకి స్టైల్ పెట్టి ఉండాలి, ఊరికే బోల్డ్ చేసి సైజు పెంచితే దానికి అది హెడింగ్ అని తెలీదు. కంట్రోల్ 1 అంటే మొదటి స్థాయి హెడింగ్, కంట్రోల్ 2 అంటే రెండోది, అంతే, ఈ రెండూ వేళ్ళకి అలవాటైతే విషయసూచిక కూడా దానంతటదే తయారవుతుంది. 2018లో వచ్చిన 6.0 వర్షన్ నుంచి నేరుగా ఈపబ్ కూడా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు, సొంతంగా ఈబుక్ వేసుకునేవాళ్ళకి వచన పుస్తకమైతే అది సరిపోతుంది, బొమ్మలు, పట్టికలు ఉంటే ఒకసారి వేరేచోట సరిచూసుకోవడం మంచిది.

స్టైల్స్ గురించి మాత్రం ఒక హెచ్చరిక. ఎఫ్11 నొక్కితే పేరా స్టైల్స్, అక్షరాల స్టైల్స్, పేజీ స్టైల్స్, లిస్ట్ స్టైల్స్ అన్నీ బయటికొస్తాయి, ఒక్కోదాంట్లో బోలెడు ట్యాబులు. గడువు రేపు ఉండి మొదటి వాక్యం రానప్పుడు మనిషి ఇందులోకి దూరితే సాయంత్రానికి అద్భుతమైన టెంప్లేట్ తయారవుతుంది, వ్యాసం ఉండదు. రాయకుండా ఉండటానికి ఇంత గౌరవప్రదమైన సాకు ఇంకోటి దొరకదు, చూసేవాళ్ళకి పనిచేస్తున్నట్టే ఉంటుంది మరి. అలాంటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, జె నొక్కితే మెనూలన్నీ పోయి ఫుల్ స్క్రీన్ వస్తుంది, ప్రశాంతత కావాలనేవాళ్ళకి అంతవరకు ఉంది. ఇంట్లో కూర్చుని రాసేవాళ్ళని 'నువ్వెలాగూ ఖాళీయేగా, తలుపు కొడితే తీసి పార్సిల్ తీసుకో' అనడం, వీడియో కాల్‌లో ఉన్నవాళ్ళది పని, స్క్రీన్ వైపు చూస్తూ ఆలోచిస్తున్నవాళ్ళది విశ్రాంతి అనుకోవడం, వీటికి ఏ కీబోర్డ్ షార్ట్‌కట్టూ లేదు.

డాక్‌ఎక్స్ సంగతి అందరూ అడుగుతారు. మామూలు వ్యాసం, కామెంట్లు, ట్రాక్ చేసిన మార్పులు, ఫుట్‌నోట్లు వరకు ఇటూ అటూ బాగానే వెళ్ళొస్తాయి. పేజీ ఎక్కడ విరుగుతుంది అన్నది మాత్రం మారుతుంది, ముఖ్యంగా అవతలివాళ్ళ కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్ మన దగ్గర లేనప్పుడు. కాలిబ్రికి బదులు కార్లిటో, కాంబ్రియాకి బదులు కాలడియా అనే ఫాంట్లు దీంతోపాటే వస్తాయి, వాటి అక్షరాల వెడల్పులు అసలువాటితో సమానంగా ఉండేలా చేశారు కాబట్టి చాలావరకు లైన్లు చెదరవు. టెక్స్ట్ బాక్సులు, బాణాలు, రెండు కాలమ్స్ మధ్యలో బొమ్మలు, ఇలాంటి అలంకారాలున్న ఫైల్ అయితే ఆశ పెట్టుకోవద్దు. నేను ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ '14వ పేజీలో' అనను, 'ఫలానా సబ్‌హెడింగ్ కింద రెండో పేరా' అంటా, సగం అయోమయం దాంతోనే పోతుంది. పంపేటప్పుడు డాక్‌ఎక్స్‌తో పాటు పీడీఎఫ్ కూడా జత చేస్తే నేను చూసిందే వాళ్ళూ చూస్తారు.

తెలుగులో రాసేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. ఇన్‌స్టాల్ చేశాక టూల్స్, ఆప్షన్స్, భాషల సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (తెలుగు లాంటి లిపుల కోసం ఉన్న సెట్టింగ్) అన్నదానికి టిక్ పెట్టి, దాని డిఫాల్ట్ భాషగా తెలుగు ఎంచుకోండి. రైటర్‌లో ప్రతి స్టైల్‌కీ ఇంగ్లిష్ ఫాంట్ వేరు, తెలుగు ఫాంట్ వేరు, సైజు కూడా వేరు. ఇది తెలీక చాలామంది స్టైల్‌లో పైన ఉన్న ఫాంట్ మారుస్తారు, తెలుగు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, ఈ సాఫ్ట్‌వేర్ తెలుగుకి పనికిరాదని అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తారు. కాంప్లెక్స్ అన్న చోట మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్ పెట్టి, ఇంగ్లిష్ మాటలు పక్కన పడితే ఎబ్బెట్టుగా లేకుండా సైజు ఒకటో రెండో పాయింట్లు అటూ ఇటూ చేసుకుంటే హాయిగా ఉంటుంది, ఇలా రెండిటికీ విడిగా సైజు పెట్టుకోగలగడం నిజానికి దీని గొప్పే. ఒత్తులు, గుడులు చెదిరిపోవడం అనే పాత బాధ కూడా ఇప్పుడు పెద్దగా లేదు, 2017లో వచ్చిన 5.3 వర్షన్ నుంచి అన్ని సిస్టమ్స్‌లోనూ అక్షరాలు పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌కి అప్పజెప్పారు.

స్పెల్ చెక్ దగ్గర మాత్రం తెలుగువాళ్ళు నిరాశపడాల్సిందే. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, విభక్తులు చేరతాయి, సంధులు జరుగుతాయి, డిక్షనరీలో ఇన్ని రూపాలు ఎక్కడుంటాయి, దాంతో తప్పు రాసినా ఒప్పు రాసినా పేజీ నిండా ఎర్ర గీతలు. నేను తెలుగు ఫైల్స్‌లో దాన్ని ఆపేస్తా. దానికి బదులు ఫైండ్ అండ్ రీప్లేస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ (ఒక నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) ఆన్ చేసి రెండు స్పేస్‌లు ఉన్న చోట ఒకటి చేయడం, కామా ముందు పడిన స్పేస్ తీసేయడం, ఒకే మాట రెండు రకాలుగా రాసి ఉంటే ఒకే రకానికి తేవడం, ఇలాంటి ఊడ్పు పని చేసుకుంటా. అన్నట్టు కొన్ని ప్రెస్‌లలో ఇంకా పాత నాన్ యూనికోడ్ ఫాంట్లలోనే పేజీలు పెడతారు, మన ఫైల్‌ని కన్వర్టర్‌లో వేస్తారు, అక్కడ కొన్ని అక్షరాలు ఎగిరిపోతాయి, అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు కానీ మళ్ళీ ప్రూఫ్ చూసేది రచయితే, ఆ రోజు కూలి ఎవరి లెక్కలోనూ ఉండదు.

వేరేవాళ్ళ పేరు మీద రాసేవాళ్ళకి ఇంకో ముఖ్యమైన సంగతి. ఫైల్ మెనూలో ప్రాపర్టీస్ తెరిస్తే ఎవరు సృష్టించారు, ఎప్పుడు మార్చారు, మొత్తం ఎంతసేపు ఎడిట్ చేశారు అన్నీ ఉంటాయి. ఆ ఎడిటింగ్ టైమ్ అంటే ఫైల్ తెరిచి ఉన్న టైమే, మనం లేచి బయటికి వెళ్ళొచ్చినా లెక్కలో పడుతుంది, గంటకింత అని మాట్లాడుకున్న క్లయింట్ అది చూసి ప్రశ్నలు వేస్తే మనం సంజాయిషీ చెప్పుకోవాలి. పంపే ముందు అక్కడే ఉన్న రీసెట్ ప్రాపర్టీస్ నొక్కండి, లేదా ఆప్షన్స్‌లో సెక్యూరిటీ కింద సేవ్ చేసేటప్పుడు వ్యక్తిగత వివరాలు తీసేయమని పెట్టుకోండి. దాంతోపాటు మిగిలిపోయిన కామెంట్లు, ఒప్పుకోని మార్పులు కూడా ఒకసారి చూడండి, ఎడిటరూ రచయితా మధ్యలో అనుకున్న మాటలు పుస్తకం ఎవరి పేరు మీద వస్తోందో ఆయనే చదివితే బాగుండదు.

ఫైల్ భద్రత విషయానికొస్తే ఆటోరికవరీ, అంటే కంప్యూటర్ ఆగిపోయినా పని పోకుండా దానంతటదే దాచుకోవడం, ఎన్ని నిమిషాలకోసారి జరగాలో మనమే పెట్టుకోవచ్చు, మామూలుగా 10 నిమిషాలకి ఉంటుంది, నేను బాగా తగ్గించుకున్నా, 10 నిమిషాల్లో మంచి పేరా ఒకటి పుట్టి పోవచ్చు. బ్యాకప్ కాపీ ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో వర్షన్‌ని బట్టి మారుతుంది, చూసుకోండి. ఓడీటీ అంటే లోపల ఒక జిప్ ఫైల్, ఎప్పుడైనా తెరుచుకోకుండా మొండికేస్తే పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూస్తే కంటెంట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో మన మాటలు అక్షరాలుగా ఉంటాయి, ఫార్మాటింగ్ పోయినా వ్యాసం దొరికే అవకాశం ఉంది.

ఇక డబ్బులు. రైటర్‌తో పాటు కాల్క్ కూడా వస్తుంది, లెక్కల షీట్. అందులో పని పేరు, పంపిన తేదీ, బిల్లు నంబర్, గడువు తేదీ, ఆ తర్వాత కాలమ్‌లో ఈరోజు తేదీలోంచి గడువు తేదీ తీసేసే చిన్న ఫార్ములా, అంతే. ఎవరు ఎన్ని రోజులు దాటించారో తెల్లారి తెరవగానే కనిపిస్తుంది. చూడగానే కోపం వస్తుంది కానీ మర్చిపోవడం కంటే అదే నయం, మర్చిపోతే వాళ్ళూ మర్చిపోతారు. రైటర్‌లో ఆటోటెక్స్ట్ అని ఒకటుంది, ఒకసారి రాసుకున్న పేరాని చిన్న షార్ట్‌కట్ పెట్టి దాచుకుంటే, ఎప్పుడైనా ఆ రెండు మూడు అక్షరాలు కొట్టి ఎఫ్3 నొక్కితే మొత్తం వచ్చేస్తుంది. నా దగ్గర బాకీ గుర్తు చేసే ఉత్తరాలు మూడు రకాలున్నాయి, మొదటిది నవ్వుతూ, రెండోది నవ్వకుండా, మూడోదాంట్లో ఒప్పందంలోని వాక్యం యథాతథంగా. రచయిత జీవితంలో ఎక్కువసార్లు తిరగరాసే రచన అదే మరి, ప్రతిసారీ కొత్తగా మర్యాద వెతుక్కుంటూ కూర్చుంటే మనసు పాడవుతుంది, ఆ పూట ఇంకేం రాయలేం. ఎఫ్3 నొక్కి, పేరు, తేదీ మార్చి పంపేసి మనపని మనం చూసుకోవడమే. పని ఒప్పుకునేటప్పుడు పంపే షరతులు, అంటే ఎన్ని రౌండ్లు, అడ్వాన్స్ ఎంత, పని మధ్యలో ఆపేస్తే ఎంత ఇవ్వాలి, హక్కులు ఎప్పుడు వాళ్ళవవుతాయి, ఇవి కూడా అందులోనే పెట్టుకోండి.

లోటుపాట్లు దాచను. ఒకే ఫైల్‌ని ఇద్దరు ఒకేసారి తెరిచి టైప్ చేసే వీలు రైటర్‌లో లేదు, రెండోవాళ్ళు తెరిస్తే ఫైల్ వేరేవాళ్ళ దగ్గర లాక్ అయి ఉంది అని చెప్పి చదువుకోడానికి మాత్రమే ఇస్తుంది. గూగుల్ డాక్స్‌లో లింక్ పెట్టి 'లైవ్‌గా చూద్దాం' అనే టీమ్‌తో పనిచేయాలంటే అక్కడికే వెళ్ళాలి, నేనూ వెళ్తా, డ్రాఫ్ట్ ఇక్కడ రాసుకుని ఫార్మాటింగ్ లేకుండా అక్కడ పేస్ట్ చేస్తా. (ఒకరు మనం టైప్ చేస్తుంటే కర్సర్ కదలడం చూస్తూ కూర్చోవడం నాకు ఒంటికి పడదు, అది వేరే సంగతి.) ఫోన్లో రాసుకునేవాళ్ళకి కూడా ఇది కుదరదు, ఇది కంప్యూటర్ కోసం చేసిన సరుకు. చూడ్డానికి పాత ఇనప బీరువాలా ఉంటుంది, వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ అని ఉంది, అక్కడ ట్యాబ్‌లున్న రూపం పెట్టుకుంటే వర్డ్ అలవాటున్నవాళ్ళకి కొంచెం నయం. ఇంకోటి, టైప్ చేస్తుంటే మాట పూర్తి చేసిపెట్టే వర్డ్ కంప్లీషన్, నేను రాయాలనుకోని మాటని ముందుకు తోసి, లైన్ మార్చుదామని ఎంటర్ కొడితే దాన్నే ఖాయం చేసేస్తుంది. టూల్స్‌లో ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి ముందు దాని పీక నొక్కండి.

స్టార్లు ఇవ్వాలంటే అయిదుకి నాలుగు. ఆ ఒక్కటీ తెలుగు స్పెల్ చెక్ కోసం పట్టి ఉంచా, ఎవరైనా పూనుకుని డిక్షనరీ బాగుచేస్తే వచ్చి ఎడిట్ చేస్తా, ట్రాక్ ఛేంజెస్ ఆన్ పెట్టి మరీ.